చిప్ పరీక్షకి డబ్బు కట్టే ముందు అమ్మ మందుల డబ్బా తెరవండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకి 68 ఏళ్ళు, షుగర్ ఉంది. నాన్న పోయి మూడేళ్ళయింది, అప్పటినుంచి రాత్రిపూట నిద్రకి ఒక చిన్న మాత్ర వేసుకుంటోంది. ఏడాదిగా మతిమరుపు బాగా ఎక్కువైంది. పాలబ్బాయికి ఇచ్చిన డబ్బులే మళ్ళీ ఇస్తుంది, చెప్పిన మాటే చెబుతుంది, పోయిన నెల శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి ఇంటికి ఎటు రావాలో తోచక నాకు ఫోన్ చేసింది. మా మేనత్త అల్జీమర్స్‌తోనే పోయింది, అందుకే నాకు టెన్షన్‌గా ఉంది. విజయవాడలో ఎం.టెక్. చదివే మా తమ్ముడు, సన్నటి రంధ్రాలున్న చిప్ మీద చుక్క రక్తం వేస్తే మడత తప్పిన ప్రోటీన్లు దొరికిపోతాయని, ఆ రంధ్రాల పదార్థాలకి మొన్న నోబెల్ కూడా వచ్చిందని అంటున్నాడు. బెంజి సర్కిల్ వైపు ఒకచోట ‘నానో స్క్రీనింగ్’ పేరుతో 12,000కి చేస్తున్నారని 2,000 అడ్వాన్సు కట్టేశాడు కూడా. అమ్మకి చేయించమంటారా? నాకు 39 ఏళ్ళు, నేనూ చేయించుకోవాలా? లేక ఇంకా మంచి టెస్టు వచ్చేదాకా ఆగమంటారా?

సమాధానం: కట్టకండమ్మా. మిగిలిన పది వేలు ఆ పరీక్షకి కట్టకండి, మీకైతే అసలు వద్దే వద్దు, అలాగని ఏదో మంచి టెస్టు వస్తుందని అమ్మని ఇంట్లో ఉంచుకుని ఎదురుచూడటం కూడా వద్దు. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగ్గా రాయాలి, ఎందుకంటే మీ తమ్ముడు చెప్పిన సైన్సు అబద్ధం కాదు, దాన్ని అమ్ముతున్న తీరే అబద్ధం. ఈ రెండూ విడదీసి చూడకపోతే ఇవాళ ఈ చిప్ వద్దనుకున్నా వచ్చే ఏడాది ఇంకో పేరుతో వచ్చినదానికి కట్టేస్తారు. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను. ఇలాంటి సెన్సర్లు తయారుచేసే ల్యాబులో పనిచేసినవాణ్ణి, అంతే.

ముందు జబ్బు సంగతి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు తనకి తానే ముడుచుకుని ఒక ఆకారానికి వస్తేనే పని చేస్తుంది. ఒక్కోసారి ఆ మడత తప్పుతుంది. తప్పినది ఊరుకోదు, పక్కనున్న మంచివాటికి అతుక్కుని వాటినీ తన దారిలోకి లాగి, గుంపులు కట్టి, చివరికి పీచుల్లా పేరుకుపోతుంది. అల్జీమర్స్‌లో పేరుకునేవి అమైలాయిడ్ బీటా, టౌ. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్. అరుదుగా వచ్చే క్రూట్జ్‌ఫెల్ట్ జాకబ్ జబ్బులో ప్రియాన్. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు చనిపోయిన ఒక పేషెంటు మెదడుని మైక్రోస్కోపు కింద పెట్టి ఈ పేరుకుపోయిన మచ్చల గురించి చెప్పాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళపాటు, ఫలానావారిది అల్జీమర్సే అని తేల్చి చెప్పాలంటే వాళ్ళు పోయాక చూడాల్సిందే. అందుకే బతికుండగా రక్తంలో పట్టుకునే మార్గం కోసం ఇంత తాపత్రయం, అది మీ తమ్ముడి ఒక్కడి ఆశే కాదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, డెంగీ టెస్టులో వెతికేది వైరస్ తాలూకు ప్రోటీన్. అది ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఉండదు కాబట్టి కనబడిందంటే వైరస్ ఉన్నట్టే. అమైలాయిడ్ బీటా అలా కాదు, అది మీ రక్తంలో ఉంది, నా రక్తంలో ఉంది, పుట్టినప్పటినుంచీ ఉంది. ఉందా లేదా అని ఏ చిప్‌ని అడిగినా అందరికీ ఉందనే చెబుతుంది. ఎంత ఉంది, ఏ రకం ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నదే అసలు ప్రశ్న. పైగా జబ్బు ఉన్నవాళ్ళలో ఇది పెరుగుతుందనుకుంటాం కదా, కానీ వెన్నులోంచి తీసే ద్రవంలో చూస్తే 42 అమైనో ఆమ్లాలుండే ఆ అమైలాయిడ్ రకం తగ్గుతుంది, ఎందుకంటే అది మెదడులోనే ఇరుక్కుపోయి బయటికి రాదు. కాబట్టి ‘మీ అమ్మగారి రక్తంలో అమైలాయిడ్ దొరికింది’ అని ఎవరైనా భయపెడితే, ఆ ఒక్క మాటతోనే వాళ్ళకి విషయం తెలియదని అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు రంధ్రాలు. ఇవి మీకు కొత్తేమీ కాదు. కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న కిట్టు గుర్తుందా, అందులో తెల్ల పట్టీ నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం, నిండా కంటికి కనబడని రంధ్రాలే. చుక్కలు వేయగానే ఆ తడి దానంతట అది పైకి పాకుతుంది చూడండి, అది రంధ్రాల పనే. దారిలో గీత దగ్గర అతికించి పెట్టిన యాంటీబాడీలు తమకి కావలసినదాన్ని పట్టుకుంటాయి, దానితో పాటు వచ్చిన బంగారపు నానో రేణువులు అక్కడే ఆగిపోయి ఎర్రగా కనిపిస్తాయి. 

మీ తమ్ముడు చెప్పే చిప్ దీనికంటే నాజూకైనది. దాన్ని పోరస్ సిలికాన్ అంటారు. సిలికాన్ పలకని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో పెట్టి కరెంటు పంపిస్తే పైనుంచి లోపలికి సన్నటి గొట్టాల్లా తినేస్తుంది. ఆ ఆమ్లం గాజుని కూడా తినేస్తుంది, అందుకే టెఫ్లాన్ గిన్నెలో చేస్తారు, చేసేటప్పుడు చేతులకి గ్లోవ్స్ ఉన్నా గుండె కొంచెం పీచుపీచుమంటూనే ఉంటుంది. కరెంటు పెంచితే రంధ్రాలు పెద్దవవుతాయి, తగ్గిస్తే చిన్నవి. బయటికి తీసి కడిగి ఆరబెడితే బూడిదరంగు పలక మీద గుండ్రంగా పచ్చటి మచ్చ. దాని మీద ఒక్క చుక్క స్పిరిట్ వేయండి, పచ్చ కాస్తా ఎర్రబడుతుంది, స్పిరిట్ ఆరిపోతుంటే అంచుల నుంచి మళ్ళీ పచ్చదనం తిరిగొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మళ్ళీ మళ్ళీ వేసి చూడాలనిపిస్తుంది. అక్కడ రంగు పూసిందేమీ లేదు. ఆ పొర పైభాగం నుంచి కొంత కాంతి, అడుగు నుంచి కొంత కాంతి తిరిగొచ్చి కలిసినప్పుడు ఆ రంగు కనిపిస్తుంది. రంధ్రాల్లో గాలికి బదులు ఇంకేదైనా చేరితే లోపల కాంతి నడక మారి రంగు ఎరుపువైపు జరుగుతుంది. ఆ రంధ్రాల గోడలకి యాంటీబాడీలు అతికిస్తే, అవి పట్టుకున్న ప్రోటీన్‌ని బట్టి రంగు రవ్వంత జరుగుతుంది, కంటికి ఆనదు, కాంతిని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌కి తెలుస్తుంది. 1997లోనే శాన్ డియెగో పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. రంధ్రాల వల్ల లాభం ఏమిటంటే జాగా. ఒక ఘన సెంటీమీటరు పోరస్ సిలికాన్ లోపలి గోడలన్నీ కలిపితే వందల చదరపు మీటర్లు, అంత చోటులో ఎన్ని యాంటీబాడీలనైనా కూర్చోబెట్టవచ్చు.

నోబెల్ మాట కూడా నిజమే. 2025 రసాయన శాస్త్ర నోబెల్ కితగావా, రాబ్సన్, యాగీలకి వచ్చింది, లోహాలనీ కర్బన అణువులనీ కలిపి కట్టిన రంధ్రాల పదార్థాలకి. కానీ వాటిలో ఎక్కువవాటి రంధ్రాలు ఒకటి రెండు నానోమీటర్లే, గాలిలోంచి నీటిని పట్టడానికి, వాయువులని నిల్వ చేయడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి, యాంటీబాడీ మాత్రం వాటిలో దూరదు. యాంటీబాడీయే పది నానోమీటర్ల పైన ఉంటుంది. సెన్సర్లలో వాటిని వేరే రకంగా వాడతారు, ఎంజైములకి గూడుగానో, సంకేతం పెంచడానికో. కాబట్టి ఆ నోబెల్‌కీ మీ అమ్మ పరీక్షకీ ముడి పెట్టకండి.

మరి 1997లోనే చేసి చూపించినది ఇవాళ్టికీ ప్రతి ల్యాబులో ఎందుకు లేదు? పలచటి ఉప్పునీటిలో ఒక్క ప్రోటీన్‌నే కలిపి చిప్ మీద పోస్తే చక్కగా చెబుతుంది. రక్తం పోయండి, అప్పుడు తెలుస్తుంది. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తద్రవంలో, ఆల్బుమిన్ అనే మామూలు ప్రోటీనే దాదాపు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. మనం వెతికే టౌ రకం ఉండేది పికోగ్రాముల లెక్కలో. పికోగ్రామ్ అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. లెక్క వేసుకుంటే ఒక పికోగ్రామ్ టౌ చుట్టూ 4,000 కోట్ల పికోగ్రాముల ఆల్బుమిన్ తిరుగుతోందన్నమాట. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలైను మొదట్లో నిలబడి, లోపలికి వెళ్ళాల్సిన ఒకే ఒక్క మనిషి కోసం వెతుకుతున్నట్టు ఉంటుంది పరిస్థితి, వెతకడం అటుంచి ఆ తోపులాటలో గేటు దగ్గరే దారి మూసుకుపోతుంది. రంధ్రాల మూతి దగ్గర జరిగేది సరిగ్గా అదే. అనవసరమైన ప్రోటీన్లు మూతికి అతుక్కుంటాయి, రంగు జరుగుతుంది, మనం టౌ దొరికిందనుకుంటాం. రంధ్రం చిన్నదైతే గుంపులు కట్టిన అమైలాయిడ్ లోపలికే రాదు, పెద్దదైతే లోపలి గోడల జాగా తగ్గిపోతుంది. దీనికి తోడు పోరస్ సిలికాన్ నీళ్ళలో మెల్లగా కరుగుతుంది, దాన్ని ముందే ఆక్సిడైజ్ చేసి గట్టిపరచకపోతే గంటలో రీడింగ్ తనంతట తనే జారిపోతుంది.

ఒకే ఒక్క రంధ్రం పెట్టి, అందులోంచి ప్రోటీన్లని ఒక్కొక్కటిగా పంపి, కరెంటు ఎంత తగ్గిందో చూసి పరిమాణం చెప్పే పద్ధతి ఇంకొకటి ఉంది. అందులోనూ ఇదే తలనొప్పి, అమైలాయిడ్ రంధ్రం గోడకి అతుక్కుని మూసేస్తుంది. 2011లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీనికి పట్టు పురుగు దగ్గర ఉపాయం దొరకబుచ్చుకున్నారు. మగ పట్టుచిలుక మీసాల మీద సన్నటి రంధ్రాలుంటాయి, వాటికి కొవ్వు పూత ఉంటుంది, వాసన అణువులు దాని మీదుగా జారుతూ లోపలికి పోతాయి. వీళ్ళు కూడా రంధ్రానికి పలచటి కొవ్వు పొర పూశారు, అమైలాయిడ్ అతుక్కోకుండా జారిపోయింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇది. మీ తమ్ముడికి నిజంగా ఆసక్తి ఉంటే ఈ అతుక్కునే గొడవ మీద పని చేయమనండి, కొత్త రంధ్రం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, రక్తంలో దాన్ని శుభ్రంగా ఉంచగలిగేవాళ్ళే తక్కువ.

రక్త పరీక్షలే లేవా అంటే ఉన్నాయి, అవి వేరే దారిలో వచ్చాయి. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లూమిపల్స్ అనే పరీక్షకి అనుమతి ఇచ్చింది. అది పి-టౌ 217కీ అమైలాయిడ్‌కీ మధ్య నిష్పత్తి చూస్తుంది. టౌ మీద ఫలానా చోట ఫాస్ఫేటు తగిలించి ఉందా అని చూస్తారు కాబట్టి ఆకారం గొడవ చాలావరకు తప్పుతుంది. అది కూడా రంధ్రాల చిప్ కాదు, అయస్కాంత రేణువుల మీద యాంటీబాడీలు పెట్టి పెద్ద మెషిన్‌లో చేసేది. 499 మంది నమూనాల మీద చూస్తే, పాజిటివ్ వచ్చినవాళ్ళలో 91.7 శాతం మందికి స్కాన్‌లోనో వెన్ను ద్రవంలోనో అమైలాయిడ్ నిజంగానే ఉంది, నెగటివ్ వచ్చినవాళ్ళలో 97.3 శాతం మందికి లేదు. బాగానే ఉంది కదా. కానీ 20 శాతంలోపు మందికి అటూ ఇటూ తేలలేదు, పైగా ఆ అనుమతి 55 దాటి, మతిమరుపు లక్షణాలు ఉండి, స్పెషలిస్టు దగ్గరికి వచ్చినవాళ్ళకి మాత్రమే, అదీ మిగతా పరీక్షలతో కలిపి చూడమని. ఎవరికి పడితే వాళ్ళకి స్క్రీనింగ్ చేయమని కాదు.

అందుకే ఆ సెంటరు వాళ్ళని అడగండి. ఏ ప్రోటీన్ కొలుస్తున్నారు, ఏ కంపెనీ కిట్టు, దానికి మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు ఉందా, రిపోర్టులో అంకె వస్తుందా లేక ‘హై రిస్క్’ అని ఎర్ర అక్షరాలేనా. ఈ పరీక్షకి ల్యాబుకి ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందో లేదో కూడా అడగండి, ‘మా ల్యాబుకి ఉంది’ అంటే సరిపోదు, గుర్తింపు పరీక్షని బట్టి ఇస్తారు. నిజమైన ల్యాబు వీటికి రెండు నిమిషాల్లో జవాబు చెబుతుంది. నసిగితే లేచి వచ్చేయండి.

ఇక మీ సంగతి. మేనత్త అంటే నాన్నగారి చెల్లెలో అక్కో. ఆవిడ జబ్బుకీ మీ అమ్మకీ రక్తసంబంధం లేదు, మీ అమ్మానాన్నలది మేనరికమైతే తప్ప. ఆ ఒక్కటీ డాక్టరుకి చెప్పండి, మన ఇళ్ళల్లో అది మామూలే కాబట్టి వాళ్ళు అడగకపోయినా చెప్పండి. మీ వరకు, ముసలితనంలో ఒక మేనత్తకి వచ్చినంత మాత్రాన 39కే కంగారు పడాల్సిన పని లేదు, ఆవిడకి యాభై లోపే మొదలై, ఇంకా ఇద్దరు ముగ్గురికి అలాగే వచ్చి ఉంటే అది వేరే కథ. లక్షణాలు లేని మీకు పాజిటివ్ వచ్చిందనుకోండి, ఏం చేస్తారు? మెదడులో అమైలాయిడ్ ఉండి కూడా జీవితాంతం మతి చక్కగా ఉన్నవాళ్ళు ఉన్నారు. దాన్ని చూసి ఇప్పుడే మొదలుపెట్టే మందేమీ లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం ఒక్కటే ఖాయం. బీపీ, షుగర్ చూపించుకోండి, అవి ఎలాగూ పనికొస్తాయి.

అమ్మ దగ్గరికి వద్దాం, అసలు ఉత్తరం ఆవిడ గురించే కదా. దారి తెలియకపోవడం తీసిపారేసే విషయం కాదు, వయసు వల్ల అని సర్దుకోకండి. కానీ అల్జీమర్స్ అని తీర్మానించకముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని నయమయ్యేవి. మందుల డబ్బా మొత్తం ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, చీటీలు కాదు, మాత్రల షీట్లే. ఆ నిద్ర మాత్ర ఆల్ప్రజోలం లాంటిదైతే ఈ వయసులో మతిమరుపుకి అదొక్కటే చాలు, మూడేళ్ళు రోజూ అంటే మరీను. అలాగని రేపటినుంచి ఆపేయకండి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గుతుంది, శాకాహారులైతే ఇంకా తగ్గుతుంది, గ్యాస్‌కని పాంటోప్రజోల్ కూడా వాడుతుంటే చెప్పేదేముంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని టైముకి తినకపోతే షుగర్ పడిపోయి మనిషి అయోమయంలో పడుతుంది. శంకర్ విలాస్ దగ్గర ఫోన్ చేసిన రోజు ఆవిడ పొద్దున్న టిఫిన్ తిన్నదా? కనుక్కోండి. దురదకో జలుబుకో వాడే అవిల్ లాంటివి కూడా పెద్దవాళ్ళకి మతిని మసకబారుస్తాయి.

పరీక్షలంటే బి12, థైరాయిడ్, సోడియం, షుగర్, కిడ్నీ, యూరిన్, తర్వాత ఎంఆర్ఐ. ఈమధ్య ఎక్కడైనా పడిందా అన్నది తప్పకుండా చెప్పండి, తలకి చిన్న దెబ్బ తగిలినా పెద్దవాళ్ళకి వారాల తర్వాత లోపల రక్తం గడ్డ కట్టవచ్చు, అది స్కాన్‌లోనే కనబడుతుంది. చెవులు సరిగా వినబడుతున్నాయో లేదో చూడండి, వినబడని మాటని మరిచిపోయిందనుకుంటాం. నాన్నగారు పోయాక ఆవిడ ఎలా ఉంటోంది, ఎవరితోనైనా మాట్లాడుతోందా, సీరియల్ ముందు కూర్చుని చూడకుండా ఉంటోందా? దిగులు కూడా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది, దానికి మందు ఉంది.

ఆవిడ షుగర్ చూసే డాక్టరు దగ్గరే మొదలుపెట్టండి, ఆ రక్త పరీక్షలు ఆయన రాస్తారు. అక్కడ తేలకపోతే న్యూరాలజిస్టు, గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. వెళ్ళే ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి, ఏం మరిచిపోయింది, ఏ టైములో, ఆ ముందు ఏ మాత్ర వేసుకుంది. డాక్టరు గడియారం బొమ్మ గీయమంటారు, నెల పేరు అడుగుతారు, మధ్యలో మీరు జవాబులు అందించకండి, అందరూ చేసే పనే అది. ఇవన్నీ అయ్యాక కూడా అల్జీమర్స్ అనే అనుమానం మిగిలితే అప్పుడు వెన్ను ద్రవమో, పీఈటీ స్కానో, రక్తంలో పి-టౌనో ఆయనే చెబుతారు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్ లాంటి మందు ఇవ్వాలంటే అమైలాయిడ్ ఉందని తేలాల్సిందే కాబట్టి అక్కడ ఆ పరీక్షకి అర్థం ఉంది. అదీ జబ్బుని ఆపదు, 18 నెలల ట్రయల్‌లో 27 శాతం నెమ్మదింపజేసింది, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం కూడా ఉంది.

అమ్మతో ‘నీకు మతిమరుపు టెస్టు చేయిస్తున్నాం’ అనకండి, షుగర్ చెకప్ అనండి, ఎలాగూ అది కూడా చేస్తారు.

అడ్వాన్సు సంగతి. తమ్ముడి దగ్గర రసీదో ఫోన్‌పే మెసేజో ఉంటుంది. పరీక్ష చేయించుకోవడం లేదు, డబ్బు వెనక్కి ఇవ్వండని నోటితో కాకుండా వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగమనండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, వాళ్ళ ప్రకటన ఫొటో తీసి ఉంచండి, రేపు తీసేస్తారు. బి12, థైరాయిడ్ రిపోర్టులు వచ్చాక అంకెలతో సహా మళ్ళీ రాయండి, ఊరు పేరు వేయకుండా ఇక్కడే జవాబు ఇస్తాను.